నలభై ఒక్క నిమిషాల గాలి

బాలస్వామికి లోకంలో చాలామంది మీద చులకన. బరాతుల్లో గుండె అదిరేలా డీజే పెట్టేవాళ్ల మీద, గొంతు లేకపోయినా మైకు వదలని భజనపరుల మీద, పాట మధ్యలో ఫోనెత్తి "ఆఁ చెప్పు" అనేవాళ్ల మీద, హార్మోనియం మీద టీ గ్లాసు పెట్టేవాళ్ల మీద. ఈ చివరిరకం మనిషిని ఒకసారి మెడ పట్టి బయటికి నెట్టాడు కూడా.

ఇబ్రహీంపట్నం బస్ డిపో వెనక సందులో, రేకుల వసారాలో కూర్చుని నలభై ఏళ్లుగా హార్మోనియాలు బాగుచేస్తున్నాడు. పుట్టింది చేపలు పట్టే ఇంట్లో. వల పట్టాల్సిన వయసులో భాగోతం మేళం వెంటపడి తిరిగి హార్మోనియం పెట్టె వాయించడం నేర్చుకున్నాడు. తండ్రి కొట్టాడు, అన్నలు నవ్వారు. అయినా వినలేదు. ఆయన చెవి ఎలాంటిదంటే, పక్కింట్లో కుక్కర్ కూత వేస్తే "నిన్నటికంటె అర స్వరం దిగింది, రబ్బరు మార్చుకోమను" అనేవాడు. అది నిజమయ్యేది కూడా. దాంతో ఆయనకు ఇంకా గర్వం.

మూడేళ్ల కిందట, ఇరవై ఏళ్లుగా తను వాయిస్తున్న భజన మండలి వాళ్లు ఒక కీబోర్డు కొనుక్కొచ్చారు. మీట నొక్కితే తబలా, తంబూరా అన్నీ అదే మోగించింది. "బాలస్వామన్నా, నువ్వు జర తాళాలు గొట్టు" అన్నారు. ఆయన తాళాలు కింద పెట్టి, చెప్పులేసుకుని వచ్చేశాడు. ఆ గుమ్మం మళ్లీ తొక్కలేదు. అప్పటినుంచి నెలకు ఒకటో రెండో హార్మోనియాలు బాగుకు వస్తే అదే పని. ఇల్లు నడిచేది భార్య సక్కుబాయి మార్కెట్లో అమ్మే చేపల మీద. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

శ్రావణంలో ఒక పగటిపూట దివాకర్ ఆ వసారాకి వచ్చాడు. బొంగులూరు పటేళ్ల మనవడు, ముప్పై దాటినవాడు. వాళ్ల పొలంలో సగం వెంచర్ ప్లాట్లయింది. మిగిలిన మామిడితోటలో, ఒకప్పుడు ఎరువు బస్తాలు వేసిన గదిలో, అతను పాటలు రికార్డు చేస్తాడని ఊళ్లో అనుకునేవారు. పాటలంటే పాటలేననుకున్నాడు బాలస్వామి.

"నమస్తే కాకా. ఒక హార్మోనియం కిరాయికి గావాలె."

"ఎన్ని దినాలకు పటేలా?"

"పటేల్ అనకు కాకా. దివాకర్ అను."

"సరే పటేలా."

నిగనిగలాడే పెట్టెలు రెండు చూపించాడు. దివాకర్ వాటి వంక చూడనే లేదు. పైన అటక మీదున్న పాత పెట్టెను దించమన్నాడు. మేళం విడిపోయినప్పుడు పంపకాల్లో బాలస్వామికి వచ్చిన పెట్టె అది. తిత్తిని ఎలుక కొరికింది. ఒక మెట్టు కిందికి దిగితే పైకి రాదు. దివాకర్ తిత్తి లాగి ఒక మెట్టు నొక్కాడు. ఉబ్బసం ఉన్న ముసలాయన మెట్లెక్కుతున్నట్టు ఒక చప్పుడు వచ్చింది. అతని కళ్లు మెరిశాయి.

"గిదే కాకా! గిదే గావాలె నాకు."

పిల్లగానికి చెవి లేకపోయినా కన్నుంది, మంచి టేకని కనిపెట్టాడు, అనుకున్నాడు బాలస్వామి. "రెండొద్దులు ఆగు. మంచిగ జేసి నేనే దెస్త" అన్నాడు. దివాకర్ అప్పటికే ఫోన్లో మాట్లాడుతూ సందు దాటుతున్నాడు. చెయ్యి మాత్రం ఊపాడు.

ఆ రెండు రోజులూ బాలస్వామి అన్నానికి పిలిస్తే కసురుకున్నాడు. తిత్తికి కొత్త తోలు వేశాడు. పెట్టెలో ఒక్కో స్వరానికి రెండేసి ఇత్తడి రీడ్లు. వాటిని ఒక్కొక్కటే విప్పి, చిలుము తుడిచి, రీడు నాలుక కొసన గీకి స్వరం ఎక్కించి, మొదలు దగ్గర గీకి దించి, జంటలన్నిటినీ కలిపాడు. మేళం ఉన్న రోజుల్లో కూడా ఆ పెట్టె అంత బాగా పలకలేదు. సక్కుబాయి చేపల గంప దించుకుంటూ విని, "పెండ్లి పిల్ల లెక్క తయారు జేసినవ్ గదా" అంది. ఆమె నోట అంత మెచ్చుకోలు వచ్చి ఏళ్లయింది.

మూడో రోజు ఆటోలో పెట్టె ఒళ్లో పెట్టుకుని తోటకు పోయాడు. గది గోడలకు బొంతలు కొట్టి ఉన్నాయి. కింద చాప మీద నందిని అనే అమ్మాయి కూర్చుని ఉంది. ముందు ఇత్తడి తాంబాళం, చేతిలో వయొలిన్ కమాను. ఎనిమిదేళ్లు వయొలిన్ నేర్చుకుందని దివాకర్ చెప్పాడు. వయొలిన్ ఎక్కడా కనబడలేదు. కమానుతో తాంబాళం అంచును రాస్తోంది.

బాలస్వామి పెట్టె విప్పి సరిగమలు ఒకసారి పలికించాడు. మెచ్చుకుంటారని తలెత్తాడు. దివాకర్ ముఖం వాడిపోయింది.

"కాకా... బాగు జేసినవా?"

"చెయ్యకుంట దెస్తనా?"

"అయ్యో, నాకు గా చిల్లి గావాలె కాకా. గా గాలి చప్పుడు కోసమే అడిగిన."

బాలస్వామికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. నవ్వు పోయి కోపమొచ్చింది. "చిల్లే గావాలంటె సైకిల్ ట్యూబు కొనుక్కోకపోయినవా పటేలా, పెట్టె ఎందుకు?" అన్నాడు.

నందిని నవ్వింది. దివాకర్ కూడా నవ్వాడు. తిట్టినప్పుడు నవ్వే మనుషులంటే బాలస్వామికి మొదటినుంచీ గిట్టదు.

"పోనీ కాకా, గిట్లనే వాయిస్తం. కూసో, ఇను."

"ఏం రాగం?"

"ముందే ఏం అనుకోం. కూసున్నంక ఏదొస్తె అది."

"ఏదొస్తె అది వాయించేటందుకు ఎనిమిదేండ్లు నేర్సుకునుడెందుకు బిడ్డా?" అని నందినిని అడిగాడు. ఆమె ఆలోచించి, "మర్చిపోయేటందుకు" అంది. చదువుకున్నవాళ్లు తెలివితక్కువతనాన్ని కూడా ఎంత తెలివిగా చెప్తారో అనుకుంటూ గోడకు చేరగిలబడ్డాడు.

దివాకర్ ఒక మెట్టు నొక్కి అలాగే పట్టుకున్నాడు. వదలడే! తాంబాళం కూసింది. బయట మామిడాకుల్లో గాలి వీచింది, రింగు రోడ్డు మీద లారీ పోయింది. వాటినీ మైకు పట్టుకుంటోంది, వీళ్లు ఆపడం లేదు. తాళం లేదు, ఎత్తుకోవడం లేదు, దించడం లేదు. మధ్యలో ఐదారు నిమిషాలు ఇద్దరూ ఏమీ వాయించకుండా కళ్లు మూసుకుని కూర్చున్నారు. బాలస్వామి ఈగను తోలబోతే, చప్పుడు చెయ్యొద్దని దివాకర్ వేలితో సైగ చేశాడు. చాలాసేపటికి ఇద్దరూ చేతులు దించి, పెద్ద పని చేసినవాళ్లలాగా ఊపిరి వదిలారు.

బాలస్వామి సర్దుకుని కూర్చున్నాడు. "శ్రుతి జేసుకునుడు అయిపోయిందా? ఇగ షురు జేయుండ్రి" అన్నాడు.

"అయిపోయింది కాకా," అన్నాడు దివాకర్. "గదే."

ఇంటికి వచ్చి ఆ సంగతి సక్కుబాయికి చెప్పి ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. వారం తర్వాత ఆ రికార్డింగు వాట్సాప్‌లో వచ్చింది. నలభై ఒక్క నిమిషాలు. సక్కుబాయి రెండు నిమిషాలు విని, "ఫ్రిజ్ ఖరాబైనట్టుంది, మెకానిక్‌ను పిలువు" అని చేపలు తోముకోవడానికి పోయింది.

బాలస్వామి మాత్రం చివరిదాకా విన్నాడు. ఊరికే తిట్టడం ఆయన పద్ధతి కాదు. తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి. పాత క్యాలెండర్ కాగితం తిరగేసి రాసుకున్నాడు. నాలుగో నిమిషం: తాంబాళం చెవిలో పుల్ల పెట్టినట్టుంది. పదకొండు: లారీ. పదహారు నుంచి ఇరవై ఒకటి: ఏమీ లేదు, సిగ్గు కూడా లేదు. తోలుకు జిగురు కొనడానికి హయత్‌నగర్ పోతూ బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రెండోసారి విన్నాడు. ఇంజను మోత కలిసి ఏది వాళ్ల సంగీతమో, ఏది బస్సో తెలియలేదు. అదీ రాసుకున్నాడు. ఆ కాగితమంతా వాయిస్ మెసేజులుగా చదివి దివాకర్‌కు పంపించాడు. దివాకర్ ఒక్కొక్కదానికీ ఎర్ర గుండె బొమ్మ పెట్టాడు. బాలస్వామికి ఒళ్లు మండిపోయింది.

నాలుగోసారి వింటుండగా సక్కుబాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మంచిగ లేదంటవ్, మల్ల దినాం ఇంటవ్. నలభై ఏండ్ల సంది నేనేం జెప్పినా గింత మనసు బెట్టి ఇన్నవా?"

"నువ్వు చెప్తె తప్పులుండయ్ గదా," అన్నాడు. తెలివైన జవాబనుకున్నాడు. ఆమె మూతి తిప్పుకుని పోయింది.

ఆ నాలుగోసారే అది తగిలింది. ఇరవై మూడో నిమిషంలో తాంబాళం ఆగిపోతుంది. హార్మోనియం ఒక్కటే మిగులుతుంది, కింది పంచమం. దివాకర్ దాన్ని దాదాపు నిమిషమున్నర పట్టుకున్నాడు. ఆ స్వరం లోపల ఏదో కదిలింది. ఉబ్బి, తగ్గి, మళ్లీ ఉబ్బి. ఐదారు సెకన్లకొకసారి, పడుకున్నవాడి రొమ్ములాగా. బాలస్వామి వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. వసారా గుంజ పట్టుకుని లేచి నిలబడి మళ్లీ విన్నాడు. అనుమానం లేదు. ఆ మెట్టు కింది రెండు రీడ్లూ కలవలేదు. వెంట్రుకవాసి తేడా. దాన్ని కలిపింది తను.

ఆయన కూర్చుండిపోయాడు. భజనలో, భాగోతంలో, ఏ పాటలోనైనా ఒక స్వరం మీద ఎవడు నిలుస్తాడు? ఒక సెకను, రెండు సెకన్లు. ఐదు సెకన్లకొకసారి వచ్చే అల రెండు సెకన్లలో ఎలా వినబడుతుంది? అంటే ఈ నలభై ఏళ్లలో తన చేతి మీదుగా పోయిన పెట్టెల్లో ఇలాంటివి ఎన్ని? ఎంతమంది భుజం తట్టి "చెవంటె నీదే బాలస్వామీ" అన్నారు? వాళ్లందరి మీదా అప్పటికప్పుడు చులకన కలిగింది. ఆ తర్వాత అది మెల్లగా తన మీదికే తిరిగింది. ఆ మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆకురాయి జేబులో పెట్టుకుని తోటకు పోయాడు.

"పటేలా, పెట్టె దియ్. కింది పంచమంల తేడా ఉన్నది. సాపు జేస్త. గా ఇరవై మూడో నిమిషం మల్ల వాయించుండ్రి."

దివాకర్ కుర్చీ లాగాడు. "ఇరవై మూడా? గది మాకు ఎర్కే కాకా."

"ఏమెర్క?"

"రెండు రీడ్లు కలవలేదని. నందిని ముందు పట్టింది. గా అల ఇననీకే గాడ ఆగినం. అందుకే ఆమె తాంబాళం బంద్ జేసింది."

ఇన్నాళ్లూ వీళ్లకు చెవులు లేవనుకున్నాడు బాలస్వామి. చెవి లేనివాణ్ని క్షమించొచ్చు, కుంటివాణ్ని పరిగెత్తలేదని తిడతామా? వీళ్లకు చెవులున్నాయి. తన చెవికంటే ముందే పట్టుకున్న చెవులు! పట్టుకుని, సరిచెయ్యమని ఒక్క మాట చెప్పకుండా, దాన్ని నెయ్యి ముద్దలా చప్పరిస్తూ కూర్చున్నారు.

"ఇంట్ల దొంగ వడ్డడని తెల్సి, వాని నడక మంచిగున్నదని చూసుకుంట కూసున్నట్టుంది మీ యవ్వారం," అన్నాడు.

దివాకర్ నవ్వబోయి ఈసారి ఆగాడు. "ఆదివారం పొద్దుగాల గీడనే అందరం కూసోని ఇంటం కాకా. సిటీకెల్లి వస్తరు. నువ్వూ రా. చిన్నమ్మను గూడ తీస్కరా."

రాననుకున్నాడు. ఆదివారం సక్కుబాయి మార్కెట్ మానేసి, ఇస్త్రీ చీర కట్టుకుని "నడువ్, పటేల్ పిలిచిండు" అంటే తప్పలేదు.

పాతికమంది వచ్చారు. కార్లలోంచి చాపలూ దిండ్లూ దించుకుని గదిలో వరసగా వెల్లకిలా పడుకున్నారు. "ఏంది, దవాఖాన లెక్కుంది?" అని గుసగుసలాడింది సక్కుబాయి. అయినా కొంగు సర్దుకుని తనూ పడుకుంది. రికార్డింగు మొదలైన మూడు నిమిషాలకు గురక మొదలుపెట్టింది. ఎవరూ లేపలేదు. ఒకాయన గురక వచ్చిన వైపు తల తిప్పి, కళ్లు మూసుకునే, మెచ్చుకుంటున్నట్టు తలాడించాడు. బాలస్వామి ఒక్కడే గోడకు ఆనుకుని, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. పడుకుని సంగీతం వినేవాడు పసిపిల్లాడైనా కావాలి, పీనుగైనా కావాలి.

ఇరవై రెండో నిమిషానికే ఆయన స్పీకర్ల వైపు తిరిగి కూర్చున్నాడు. తాంబాళం ఆగింది. పెద్ద స్పీకర్లలోంచి ఆ పంచమం లేచింది. ఉబ్బింది, తగ్గింది, ఉబ్బింది. ఇంత పెద్దగా తన తప్పును ఆయన ఎన్నడూ వినలేదు. నేల కూడా అదురుతోంది. పడుకున్నవాళ్లలో ఒకామె కంటి కొసలోంచి నీళ్లు చెవిలోకి జారుతున్నాయి.

అయిపోయాక ఆమే దగ్గరికి వచ్చింది. "హార్మోనియం శ్రుతి చేసింది మీరే కదా? ఆ ఒక్క స్వరం ఉంది చూశారూ, ఊపిరి తీస్తున్నట్టు... ఎలా చేశారు?"

"గది తప్పమ్మా. నేను జేసిన తప్పు."

ఆమె చేతులు జోడించింది. "ఎంత వినయమండీ!"

బాలస్వామి ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. బదులు చెప్పడం దండగనిపించింది. లేచి, గది మధ్యకు పోయి, హార్మోనియం ముందు కూర్చుని మూత విప్పాడు. ఆ మెట్టు కింది రీడు బయటికి తీశాడు. జేబులోంచి ఆకురాయి తీసి, ఇత్తడి నాలుక కొసన ఒకసారి గీకాడు. పెట్టి నొక్కాడు. అల ఉంది. మళ్లీ తీసి గీకాడు.

గది నిశ్శబ్దమైపోయింది. తలెత్తి చూస్తే చుట్టూ అందరూ కూర్చుని, కళ్లు మూసుకుని, గీకుడు చప్పుడు వింటున్నారు. మోకాలి దగ్గర చిన్న మైకు. దాని పక్కన ఎర్రదీపం వెలుగుతోంది.

"బంద్ జెయ్," అన్నాడు.

"కాకా, జర సేపు..."

"బంద్ జెయ్యమన్న దివాకర్. గిది ఆట గాదు, పని."

ఆయన పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. దివాకర్ ఎర్రదీపం ఆర్పేశాడు. మనుషులు ఒక్కొక్కరే లేచి చాపలు చుట్టుకుని, మామిడిచెట్ల కింద టిఫిన్ల దగ్గరికి పోయారు. నందిని మాత్రం ఉండిపోయింది. కమాను పక్కన పెట్టి, ఆయన అడగకముందే తిత్తి ఊదడం మొదలుపెట్టింది. బాలస్వామి గీకాడు, పెట్టాడు, నొక్కి పట్టుకున్నాడు. ఇద్దరూ విన్నారు. "ఉన్నది," అంది ఆమె. మళ్లీ గీకాడు. "ఉన్నది. కాని అలకూ అలకూ నడుమ దూరం పెరిగింది." పన్నెండు సార్లకో పదమూడు సార్లకో అల పోయింది. నిమిషం పట్టుకున్నారు, రెండు నిమిషాలు పట్టుకున్నారు. స్వరం నేలమీద నీళ్లలా చదునుగా నిలబడింది.

"ఇగ లేదు," అంది నందిని.

ఆ అమ్మాయికి నిజంగా చెవి ఉంది. గట్టి చెవి. అలాంటి చెవి పెట్టుకుని తాంబాళం గోకుతోందే అని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. "వయొలిన్ ఎందుకు ఇడిసినవ్ బిడ్డా?" అన్నాడు. ఆమె నవ్వి కమాను చేతికి తీసుకుంది. పెట్టెను గుడ్డలో చుట్టుకుని, సక్కుబాయిని తట్టి లేపి, ఆటో ఎక్కాడు. దివాకర్ ఇంకో నెలకు అడిగాడు గాని ఇవ్వలేదు.

దసరా ముందర ఆ నలభై ఒక్క నిమిషాలూ ఇంటర్నెట్‌లో పెట్టారు. కింద పేర్లు రాశారు. చివర "హార్మోనియం శ్రుతి: బాలస్వామి, ఇబ్రహీంపట్నం" అని ఉంది. సక్కుబాయి మార్కెట్లో అందరికీ ఫోన్ చూపించి వచ్చింది. బాలస్వామి అదే ఫోన్ తీసుకుని దివాకర్‌కు చేశాడు.

"నా పేరు తీసెయ్."

"నీ పేరు లేకుంటె ఎట్ల కాకా? నీ పెట్టెనే గదా."

"తప్పు నాది, ఒప్పుకుంట. దానికి చప్పట్లు గొట్టుడు మీది. రెండిట్ల నా పేరు యాడ పెడ్తవ్?"

సాయంత్రానికి పేరు పోయింది. ఆ తర్వాత రెండు రోజులు సక్కుబాయి ఆయనతో మాట్లాడలేదు.

కార్తీకంలో యాచారం నుంచి ఒక భజన మండలి పెద్దమనిషి హార్మోనియం బాగుకు తెచ్చాడు. సాయంత్రం బస్సుకు పట్టుకుపోవాలన్నాడు. బాలస్వామి మొదటి మెట్టు నొక్కి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నిమిషమైంది. పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. బాలస్వామి రీడు విప్పి, ఒక్క గీకు గీకి, మళ్లీ నొక్కి పట్టుకున్నాడు. ఇంకో నిమిషం. పెట్టెలో ముప్పై ఏడు మెట్లున్నాయి.

"బాలస్వామన్నా, గింతసేపు ఎవలింటరే? మేం వాయించేది భజన," అన్నాడు పెద్దమనిషి.

బాలస్వామి కళ్లు తెరవలేదు. "మీరు ఇనరు. గది నాకు ఎర్కే," అన్నాడు. "రేపు మాపటికి రా."